నేరేడు అంచు చీర

సుల్తానాబాద్ నుంచి రాయమల్లు బండి కట్టుకుని వచ్చి, అంబదాస్ వాకిట్లో దిగి, చంకలోని మూటను మగ్గం మీదికి విసిరికొట్టినప్పుడు అంబదాస్ భార్య సక్కుబాయి ఓ మూలన కూర్చుని నూలు కండెలు చుడుతూ ఉంది. మూట మగ్గానికి తగిలి విడిపోయింది. లోపల ఉన్నది తామిద్దరూ నేసిచ్చిన పెళ్లిచీరే. అయినా గుర్తుపట్టడానికి సక్కుబాయికి కొంచెంసేపు పట్టింది. తెల్లటి చీరకు నేరేడుపండు రంగు అంచు వేసి ఇచ్చారు వీళ్లు. ఇప్పుడు దానికి తెలుపూ లేదు, అంచూ లేదు. ఒళ్లంతా ఊదా మరకలే.

"నాగవెల్లినాడు వసంతాలాడినం అంబదాసూ," అన్నాడు రాయమల్లు. అరవలేదు. అరిచినా బాగుండేది. "పసుపునీళ్లు గిట్ల పడ్డయో లేదో రంగు గట్ల కారింది. నా బిడ్డ కాళ్లకాడ నల్లటి నీళ్లు. మగపెండ్లోళ్లు అపశకునం అన్నరు. పిల్లనైతే తోలుకపోయిండ్రు గని, అత్తగారింట్ల రోజూ గదే మాట. నీ చెయ్యి మంచిదని గింతదూరం వచ్చి నేయించుకున్న. మంచిగ చేసినవ్ పో."

పైసలు వాపసు ఇమ్మని అడగలేదు. మంచినీళ్లు కూడా ముట్టకుండా బండెక్కి పోయాడు.

అంబదాస్ ఆ చీరను ఒళ్లో వేసుకుని, అంచును బొటనవేలితో రుద్దాడు. వేలికి రంగు అంటుకుంది. ఆ వేలివంక చాలాసేపు చూశాడు. ముప్పై ఏళ్లుగా జమ్మికుంట నేతగాళ్ల పేటలో అంబదాస్ చీర అంటే రంగు చూడకుండా కొనేవాళ్లు. చీర చిరిగి పాతబడి పసిపిల్లల పొత్తిగుడ్డలైనా అంచు మాత్రం మొదటిరోజు ఎలా ఉందో అలాగే ఉండేది. ఆయన సంపాదించిన ఆస్తి ఏదైనా ఉందంటే అదొక్కటే.

ఇక్కడ నేతగాళ్ల పట్టింపు ఒకటి చెప్పుకోవాలి. పెళ్లికీ దేవుడికీ ఇచ్చే బట్టకు ముందుగా నీరు తగలకూడదు. గంజి మీద మడతపెట్టి, అలాగే చేతికివ్వాలి. అందువల్ల చీర రంగు నిలిచేదీ నిలవనిదీ నేసినవాడి ఇంట్లో తేలదు, కట్టుకున్నవాళ్ల ఇంట్లో తేలుతుంది. ఆ భయంతోనే అంబదాస్ రంగు వేసిన నూలును నాలుగైదు నీళ్లలో జాడించి, నీళ్లు తేటగా వచ్చేదాకా వదిలేవాడు కాదు. ఈసారి ఆ అలవాటు తప్పాడు. రంగులమ్మే బుచ్చిరాములు సేటు చెప్పబట్టి తప్పాడు.

ఆ రంగు కొన్న రోజు సక్కుబాయి పక్కనే ఉంది. సేటు డబ్బా మూత మీద చేత్తో తట్టి, "అంబదాసూ, ఇది కొత్త సరుకు. పక్కా రంగు. పాత రంగుల లెక్క నీళ్లల్ల ఎక్కువ జాడియ్యకు, ఒక్కసారి ముంచి తియ్యి చాలు. గంజి పడ్డంక అదే పట్టుకుంటది. పెండ్లిచీరకే అంటున్నవు గదా, కండ్లు మూసుకోని ఏసుకో," అన్నాడు. ఆ దుకాణంలో తన తండ్రి కూడా రంగు కొన్నాడు కాబట్టి అంబదాస్ నిజంగానే కళ్లు మూసుకున్నాడు.

రాయమల్లు పోయిన మర్నాడే మొగుడూ పెళ్లాలిద్దరూ చీర పట్టుకుని సేటు దుకాణానికి వెళ్లారు. బుచ్చిరాములు గద్దె మీద కూర్చుని తమలపాకులకు సున్నం రాస్తున్నాడు. చీర చూశాడు, చిన్నగా నవ్వాడు, వెనక గోడ మీది బోర్డు వైపు వేలు చూపించాడు. అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అని ఉంది దాని మీద.

"వాపస్ తీస్కోమంటలేం సేటూ," అన్నాడు అంబదాస్. "రంగు మంచిగ లేదని మీరొక మాట రాయమల్లుతోని చెప్తే చాలు. నా పేరు పోతున్నది."

"రంగు మంచిగనే ఉన్నది. నువ్వే ఉడకేసుడు తప్పినవ్," అన్నాడు సేటు. తర్వాత దుకాణంలో ఉన్న నలుగురికీ వినబడేలా గొంతు పెంచాడు. "వయసు మీద పడుతున్నదిరా అంబదాసూ. చెయ్యి పట్టు తప్పినట్టున్నది. ఒప్పుకో, సిగ్గేమున్నది?"

ఆ నలుగురిలో ముత్తయ్య ఉన్నాడు. అంబదాస్ పక్కింటి నేతగాడే, తమ్ముడు షోలాపూర్ మిల్లులో పనిచేస్తాడు. అదే రంగు కొని అదే దెబ్బ తిన్నవాడు. అతనే కాదు, పేటలో ఇంకా ఐదారు ఇళ్లలో చీరలు కారాయి. కానీ నూలు అప్పు ఇచ్చేది సేటే కదా, నోరు తెరిస్తే నూలు బందు. అందుకని ముత్తయ్య తలవంచుకుని సేటు కాళ్లకింది గోనెపట్టాను శ్రద్ధగా పరిశీలించాడు. సక్కుబాయికి ఒళ్లు మండిపోయింది. సేటు మీద ఎంత మండిందో ముత్తయ్య మీదా అంతే మండింది.

ఆ మాట బజారంతా పాకింది. చెయ్యి పట్టు తప్పిందట. నేతగాళ్ల సొసైటీలో అంబదాస్ చీర తీసుకోవడం మానేశారు. బయటి బేరాలూ ఆగాయి. ఇంట్లో ఇద్దరే కాబట్టి తిండికి మాడిపోలేదు. సక్కుబాయి ఇళ్లలో దంచి, విసిరి, ఎలాగో నెట్టుకొచ్చింది. ఆమెను కోసింది ఆకలి కాదు. అంబదాస్ సేటు మాటను నమ్మడం మొదలుపెట్టాడు.

పొద్దున లేచి రెండు చేతులూ ముందుకు చాపి చూసుకునేవాడు, వణుకుతున్నాయేమోనని. "ఆ దినం పొయ్యి సరిగ మండలేదేమో సక్కూ," అనేవాడు. ఇంకోరోజు, "రంగుల ఉప్పు తక్కువ పడ్డదేమో," అనేవాడు. మగ్గం గుంటలో కాలు పెట్టేవాడు కాదు. బూజు పడుతుంటే తుడిచేవాడు కూడా కాదు. సేటు తన రంగు తప్పును మొగుడి చేతుల మీద వేసి, ఆ చేతులను మొగుడికే కాకుండా చేశాడు. సక్కుబాయికి ఇది దొంగతనం కంటే పెద్ద నేరంగా కనబడింది. దానికి సేటును క్షమించే ఉద్దేశం ఆమెకు ఏ కోశానా లేదు.

కరీంనగర్‌లో దేవదాస్ అని ఒక వకీలు ఉన్నాడు. వాళ్ల నాన్న కూడా మగ్గం నేసినవాడే. సక్కుబాయి బస్సెక్కి వెళ్లి అతని ముందు కూర్చుంది. చెప్పాల్సింది చెప్పింది, బోర్డు సంగతి కూడా చెప్పింది.

"చట్టం ఉన్నదక్కా," అన్నాడు దేవదాస్. "ఏ పనికి కావాలెనో చెప్పి, అమ్మెటోని మాట మీద భరోసా పెట్టి నువ్వు కొంటే, ఆ సరుకు ఆ పనికి అక్కరకు రావాలె. రాకుంటే అమ్మినోడే జవాబుదారీ. పెండ్లిచీరకని చెప్పిండ్రు, పక్కా రంగని ఆయన అన్నడు. చాలు."

"మరి బోర్డు?"

"మంచి సరుకు కొన్నంక మనసు మారి వాపస్ తెస్తే గా బోర్డు చూపియ్యాలె. చెడ్డ సరుకు అంటగట్టి బోర్డు దిక్కు ఏలు చూపిస్తే చెల్లదు."

సక్కుబాయికి ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లూ అందరూ ఆమెకు చెప్పింది ఒకటే, కొన్నాక నోరు మూసుకోవాలని. నోరు తెరవడానికి హక్కుందని చెప్పినవాడు ఇతనొక్కడే. కానీ దేవదాస్ మాట అక్కడితో ఆగలేదు.

"చిక్కు ఎక్కడున్నదంటే, తప్పు రంగుల ఉన్నదా, చెయ్యిల ఉన్నదా అని కోర్టు అడుగుతది. చెయ్యిలనే అని సేటు అంటడు. ఆయన దిక్కు సాక్షులు వస్తరు. నీ దిక్కు ఎవరొస్తరు? ముత్తయ్య వస్తడా?"

"రాడు."

"మరింక ఏండ్లు పడుతది. సేటే తన నోటితోని ఒప్పుకుంటే అది వేరే సంగతి. లోకంల ఎవడు ఒప్పుకుంటడక్కా?"

తిరిగొచ్చే బస్సులో సక్కుబాయి ఈ మాటనే నములుతూ కూర్చుంది. సేటు తన నోటితో ఒప్పుకోవాలి. నలుగురిలో. అంబదాస్ చెవుల్లో పడేలా. జమ్మికుంటలో బస్సు దిగేసరికి ఆమె ముఖం చూసినవాళ్లు, కరీంనగర్‌లో ఏదో శుభవార్త విని వచ్చిందనుకున్నారు.

సేటు తల్లి దేవవ్వకు బాసర సరస్వతమ్మ మొక్కు ఒకటి ఉందని ఊరందరికీ తెలుసు. మనుమరాలికి అక్షరాభ్యాసం అక్కడే చేయిస్తానని, అమ్మవారికి తెల్లచీర పెడతానని మొక్కింది. ఇప్పుడు పిల్లకు ఐదో ఏడు నడుస్తోంది. బాసర పోవడానికి కిరాయి బస్సు కూడా మాట్లాడారు. చీర నేయమని మాత్రం ఇంకా ఎవరికీ చెప్పలేదు.

సక్కుబాయి తిన్నగా దుకాణానికి వెళ్లింది. బేరం మంచి జోరుగా ఉన్న వేళ చూసుకుని మరీ వెళ్లింది. గద్దె ముందు నేల మీద కూర్చుని కొంగు రెండు చేతుల్లో పట్టుకుంది.

"సేటూ, తప్పైంది. మా ఆయన చెయ్యే తప్పింది. మీ మీద నింద ఏసినం. గా పాపం ఊకె పోదు. అమ్మవారి చీర నన్ను నేయనియ్యుండ్రి. నూలు మాదే, కష్టం మాదే. నాకేం వద్దు. పాపం కడుక్కుంట."

బుచ్చిరాములు ముఖం విప్పారింది. అసలు ఇలాంటి మాట కోసమే బతుకుతున్నట్టు ఉన్నాడు ఆయన. దుకాణంలో ఉన్న ప్రతి ఒక్కరివైపూ చూశాడు, విన్నారా అన్నట్టు.

"చూసిండ్రా? నేను అననే అన్న. నా రంగుకు ఏం రోగం లేదని." తర్వాత చాలా ఉదారంగా తల ఊపాడు. "సరే తీ. నేరేడు అంచు ఏసి నేయి. ఏ అంచుకు నింద ఏసిండ్రో గా అంచే ఏసి, బస్సు ఎక్కే దినం మా వాకిట్ల అందరి ముంగట తెచ్చియ్యి. పేటోళ్లను అందర్నీ పిలుస్త. అందరు చూడాలె."

సక్కుబాయి తలవంచుకునే ఉంది. తల ఎత్తితే ఆ కళ్లలో ఏముందో సేటుకు కనబడిపోయేది. అందర్నీ నేనే పిలవాలేమో, ఎలా పిలవాలా అని ఆమె సతమతమవుతోంది. ఆ పని కూడా ఆయనే నెత్తిన వేసుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి వార్త ముందే చేరింది. అంబదాస్ గడప మీద కూర్చుని ఉన్నాడు.

"నా చెయ్యే తప్పిందని చెప్పి వచ్చినవా?" అన్నాడు. ఆ గొంతు విని సక్కుబాయికి ఏడుపొచ్చినంత పనైంది. తలుపు దగ్గరకు వేసి, పక్కన కూర్చుని, మెల్లిగా అంతా చెప్పింది.

"డబ్బల రంగు ఇంక మిగిలున్నది గదా. గదే ఏస్త అంచుకు. డబ్బ పట్టుకపోయి అందరి ముంగట సేటు చేతుల పెడుత. ఇది నీ రంగే, నువ్వు పక్కా అన్న రంగే, అమ్మవారికి కట్టియ్యి అంట. నిజం ఏందో వానికి ఎర్కే. అమ్మవారికి పసుపు పూతెప్పుడూ తడితడిగనే ఉంటది. చీర కట్టంగనే కారుతది. దేవుని భయం అందరికంటె ఎక్కువ వానికే. వాడే వద్దంటడు. ఎందుకు వద్దని అందరి ముంగట అడుగుత."

"ఒకవేళ వద్దనకపోతే?"

సేటు పళ్లు బిగించి ఊరుకుంటే ఆ చీర నిజంగా బాసర పోతుంది. అమ్మవారి పసుపు మీద ఊదా నీళ్లు కారుతాయి. అప్పుడు ఆ పాపం ఎవరిది? నేసినవాళ్లదే అవుతుంది. చెయ్యి పట్టు తప్పినవాడన్న పేరుకు తోడు దేవుడి చీర పాడుచేసినవాడన్న పేరు కూడా వస్తుంది. ఆపైన అంబదాస్ లేచి నిలబడడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. తెలిసినా పగ ఆగనివ్వలేదు.

మర్నాడు తనే పొయ్యి వెలిగించి డబ్బాలో మిగిలిన రంగు వేసి నూలు ముంచింది. సేటు చెప్పినట్టే నీళ్లలో ఒక్కసారి జాడించి తీసింది. దండెం మీద నేరేడు రంగు నూలు నిగనిగలాడింది. కారడంలో దరిద్రమే గానీ చూడ్డానికి ఆ రంగు చక్కనిదే. అంబదాస్ దండెం కింద నిలబడి ఆ నూలు వైపు చూశాడు.

ఆ వారంలోనే దేవవ్వ కబురంపింది, బాసర ప్రయాణానికి పసుపు దంచాలి రమ్మని. పాపం కడుక్కుంటానన్న మనిషి కదా, ఎలా కాదంటుంది? సక్కుబాయి పోయింది. సేటు భార్య రోలు చూపించింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పసుపు కొమ్ములు దంచింది. ఒక్కో పోటుకు ఒక్కసారి సేటు పేరు తలుచుకుంది. పసుపు మెత్తగా బహు బాగా వచ్చిందని దేవవ్వ మెచ్చుకుంది. దేవవ్వ మంచి మనిషి. కొడుకు దుకాణంలో ఏం అమ్ముతున్నాడో ఆమె ఎరగదు. సక్కుబాయికి ఆ ముసలమ్మ మీద కొంచెం జాలి కలిగింది. జాలిని కూడా రోట్లోనే వేసి దంచింది.

ఇంటికి వచ్చేసరికి అంబదాస్ మగ్గం దులిపి, తుడిచి, పడుగు తయారుచేసి పెట్టాడు. గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. నెలల తర్వాత మొగుణ్ణి ఆ చోట చూసి సక్కుబాయి గుమ్మంలోనే నిలబడిపోయింది.

"పేక కండెలు నువ్వు చుట్టియ్యి," అన్నాడు ఆయన. "అంచు సంగతి నేను చూస్కుంట. నువ్వు ముట్టకు."

పగ మొగుడికి కూడా అంటిందని ఆమె సంబరపడింది. ఆయన ఎప్పటికంటే నెమ్మదిగా నేశాడు. పోగు పోగుకూ ఆగి చూసుకుంటూ నేశాడు. చీర దిగాక గంజి మీద మడతపెట్టారు. చుక్క నీరు తగలనివ్వలేదు.

బాసర పోయే రోజు పొద్దున్నే సేటు వాకిలి నిండిపోయింది. కిరాయి బస్సు వీధిలో ఆగి ఉంది. పేట నుంచి నేతగాళ్లందర్నీ సేటు పిలిపించాడు. ముత్తయ్య కూడా వచ్చాడు. అంబదాస్ అందరి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పిల్ల కొత్త పావడాలో అటూ ఇటూ పరిగెడుతోంది.

సక్కుబాయి పళ్లెంలో చీర పెట్టుకుని వచ్చింది. చీర పక్కన ఒక డబ్బా. దాని మూత మీద సేటు దుకాణం చీటీ అలాగే అతికి ఉంది.

"గా డబ్బ ఎందుకు తెచ్చినవ్?" అన్నాడు సేటు.

"మీదే గద సేటూ. మీ దుకాణంల మీరు అమ్మిందే. కారిందని రాయమల్లు విసిరేసిన చీరకు ఏసింది ఈ డబ్బల రంగే. ఇంక మిగిలుంటె అమ్మవారి చీరకు ఏసిన. ఒక్కసారే ముంచి తీయాలె అన్నరు గద, గట్లనే ముంచిన. పక్కా రంగాయె. మీ చేతులతోనే తీస్కపోయి అమ్మవారికి కట్టియ్యుండ్రి."

సేటు చెయ్యి పళ్లెం దాకా వచ్చి ఆగింది. పెదాల మీద నవ్వు ఇంకా ఉంది కానీ దాని వెనకాల ఏమీ లేదు. డబ్బా వైపు చూశాడు, చీర వైపు చూశాడు. పేటవాళ్లు మెడలు సాచి చూస్తున్నారు.

"మంచిది," అని చీర అందుకున్నాడు. బస్సు వైపు ఒక అడుగు వేశాడు.

సక్కుబాయి ఆ అడుగు వైపే చూసింది. ఇతను తీసుకుపోతాడు. నోరు మూసుకుని తీసుకుపోతాడు. ఇప్పుడు తనే పరిగెత్తి చీర లాక్కోవాలి, ఆ రోజు దుకాణంలో అన్నదంతా అబద్ధమని తనే చెప్పుకోవాలి. ఆమె పళ్లెం పట్టుకుని అలాగే నిలబడింది.

అప్పుడు దేవవ్వ కొడుకు చేతిలో చీర మీద చెయ్యి వేసింది. "మంచిగున్నది బుచ్చీ. నేనేమని మొక్కిన్నో యాదికున్నదా? అమ్మవారికి కట్టించి, గా తడి పసుపుతోనే చీర కొంగు పిల్ల నెత్తి మీద కప్పి, అప్పుడు అక్షరం దిద్దియ్యాలె."

ఎక్కడో ఆడుకుంటున్న పిల్ల తన మాట వినబడి వచ్చి తండ్రి పంచె పట్టుకుంది. సేటు దాని కొత్త పావడా వైపు చూశాడు, నున్నగా దువ్విన తల వైపు చూశాడు. సుల్తానాబాద్‌లో ఒక తండ్రి తన బిడ్డ కాళ్ల దగ్గర ఏం చూశాడో అప్పుడు ఆయన కళ్లకు కట్టినట్టుంది.

"ఈ చీర వద్దవ్వా," అన్నాడు. "నిజామాబాద్‌ల వేరేది కొందం."

"ఎందుకురా? అమ్మవారి పేరు మీద నేసిన చీర."

"వద్దంటున్న గద."

"ఎందుకు సేటూ?" అంది సక్కుబాయి. గొంతు ఆమెదేనా అన్నంత గట్టిగా వచ్చింది. "నేసింది మంచిగ లేదా? రంగు మంచిగ లేదా? ఏదో ఒకటి చెప్పుండ్రి. అందరు వింటున్నరు."

"రంగు," అన్నాడు సేటు.

"రంగుకేమైంది?"

"నిలువదు." నేల వైపు చూస్తూ అన్నాడు. "ఆ డబ్బల రంగు నిలువదు. నీళ్లు తగిలితే కారుతది."

దేవవ్వ కొడుకు ముఖంలోకి అలాగే చూసింది.

"నీకు ముందే ఎర్కనా?"

సేటు తల ఇంకా కిందికి వంచేశాడు. అంతకంటే మంచి జవాబు ఎవరికీ అక్కర్లేకపోయింది. సక్కుబాయి ఒంట్లో ఇన్నాళ్లూ మండుతున్నదేదో ఒక్కసారిగా భగ్గుమంది. ఎంత హాయిగా ఉందో ఆమె దాచుకోలేదు. అందరివైపూ తిరిగింది.

"విన్నరా? ముత్తయ్యా, విన్నవా? ఏ పనికో చెప్పి కొన్నం, ఆయన మాట నమ్మి కొన్నం, చెడ్డదని తెలిసి అమ్మిండు. జవాబుదారీ ఆయనే. గిది నా మాట కాదు, చట్టం మాట. ఇగ కోర్టుల చెప్తవో ఇక్కడ్నే తీరుస్తవో నీ ఇష్టం సేటూ. సాక్షులు ఎందరున్నరో ఒకసారి చూస్కో. అందర్నీ నువ్వే పిలిచినవ్."

ముత్తయ్య ఈసారి నేల చూడలేదు. "మా ఇంట్ల గూడ కారింది," అన్నాడు. తర్వాత వెనక ఇంకొకరు, ఇంకొకరు అందుకున్నారు. సేటు రెండు చేతులూ ఎత్తి ఆగండి ఆగండి అంటున్నాడు, ఎవరూ ఆగడం లేదు.

దేవవ్వ అందర్నీ గదిమి ఊరుకోబెట్టింది. "ఎట్లాగూ అమ్మవారికి పనికిరాదంటివి. ఎట్ల కారుతదో నా కండ్లతోని చూడాలె," అని బస్సులోకి సర్దిన చెంబు తెప్పించింది. కొడుకు చేత చీర పట్టించి, అంచు మీద నీళ్లు పోసింది.

నీళ్లు తెల్లటి చీర మీదుగా జారి నేల మీద పడ్డాయి. తేటగా పడ్డాయి. దేవవ్వ ఇంకా పోసింది. చెంబు ఖాళీ అయింది. అంచును రెండు చేతులతో పట్టి బట్టలు ఉతికినట్టు రుద్దింది. నేరేడు రంగు నేరేడు రంగుగానే ఉంది, తెలుపు తెలుపుగానే ఉంది.

సక్కుబాయికి ఏమీ అర్థం కాలేదు. ఆ నూలు తనే ముంచింది. సేటు ముఖం ఆమె ముఖం కంటే అన్యాయంగా ఉంది. మంచి చీరను పట్టుకుని, చెడ్డ రంగని, తన నోటితో, ఊరందరి ముందు ఒప్పుకుని కూర్చున్నాడు.

వెనక నుంచి అంబదాస్ వచ్చాడు. జనం దారి ఇచ్చారు.

"అది నీ డబ్బల రంగు కాదు సేటూ," అన్నాడు. "ముత్తయ్య తమ్ముడు షోలాపూర్ నుంచి తెచ్చిన రంగు. చెయ్యి మాత్రం నాదే."

ఎవరో చప్పట్లు కొట్టారు. బుచ్చిరాములు గడప మీద కూలబడ్డాడు. దేవవ్వ తడిచీరను మడిచి సక్కుబాయి చేతుల్లో పెట్టింది. అందరి లెక్కా తీర్చేదాకా తాను బాసర పోనంది, పిల్లను కూడా తీసుకుపోనివ్వనంది. సేటు తలూపాడు. ఎవరికి ఏం ఇవ్వాలో ఇస్తానన్నాడు. అంబదాస్‌కు ఎంత కావాలో అడగమన్నాడు.

"మాకు నీ పైసలు తర్వాత," అంది సక్కుబాయి. "ముందు సుల్తానాబాద్ పోవాలె. రాయమల్లు వాకిట్ల నిలబడి, ఆయన వియ్యంకులను పిలిపించి, గిప్పుడు చెప్పిందే చెప్పాలె. గా పిల్ల మీద పడ్డ మాట నీ నోటితోనే తియ్యాలె."

"పోదం తీ. వారం పదిరోజులల్ల..."

"గిప్పుడే. బస్సు ఉండనే ఉన్నది. కిరాయి కట్టనే కట్టినవ్."

బాసర పోవలసిన బస్సు అలా సుల్తానాబాద్ దారి పట్టింది. దేవవ్వ ముందు కూర్చుంది. పేటవాళ్లు ఎక్కగలిగినంతమంది ఎక్కారు. సేటుకు సీటు దొరకలేదు. ఎవరూ లేవలేదు కూడా. పైన కడ్డీ పట్టుకుని ఊగుతూ నిలబడ్డాడు. సక్కుబాయి ఆయనను తల తిప్పి తిప్పి చూసింది. చూసినకొద్దీ ఇంకా చూడాలనిపించింది.

అంబదాస్ కిటికీ పక్కన కూర్చుని పొలాలు చూస్తున్నాడు. సక్కుబాయి ఒళ్లో తడిచీర ఉంది.

"ఎప్పుడు ముంచినవ్?" అని అడిగింది.

"నువ్వు వాళ్లింట్ల పసుపు దంచపోయిన దినం. నువ్వు ముంచింది తీసి దాచిపెట్టిన. అమ్మవారికి గసుంటి రంగు ఏసుడు నా వల్ల కాలే."

"మరి నాతోని ఒక్కమాట చెప్పద్దా? వాడు బస్సు దిక్కు నడుస్తుంటే నా పానం పోయింది. రంగు మంచిదని నాకు ఎర్కుంటే గంత పరేషాన్ అయ్యేదాన్నా?"

అంబదాస్ కిటికీ నుంచి ముఖం ఇటు తిప్పాడు. తర్వాత రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, వాటివైపే చూస్తూ అన్నాడు.

"ఏమని చెప్పాలె? నూలైతే నీళ్లు తేటగయ్యెదాక జాడిచ్చిన, గని నమ్మకం ఏది? దేవుని బట్టాయె, తడిపి చూడరాదు. నిలుస్తదో నిలువదో నాకే తెల్వదు. గా అవ్వ నీళ్లు పోసెదాక తెల్వదు."

సక్కుబాయి ఆ మాట విని ఒళ్లో చీర వైపు చూసింది. సేటు నోరు తెరిపించడానికి తాను ఇన్నాళ్లు పన్నిన పన్నాగమంతా ఒక ఎత్తు. వెనక గోడకు ఆనుకుని, ఆ చెంబు వంగుతుంటే చూస్తూ నిలబడ్డ ఈ మనిషి ఒక ఎత్తు. సేటు ఒప్పుకున్నా సరే, ఈయన ముంచిన రంగు కూడా కారి ఆ నీళ్లు ఊదాగా పడి ఉంటే ఏమైపోయేవాడో! ఈ మనిషికి ఇంత భయం పెట్టినవాడు మూడడుగుల దూరంలో కడ్డీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. మొగుడి చెయ్యి తీసుకుని తన ఒళ్లో తడిచీర మీద పెట్టుకుంది. ఆ చెయ్యి అసలు వణకడం లేదు.

"డ్రైవరన్నా," అని కేకేసింది, "జర జల్ది పోనియ్యి. సేటు మనసు మారకముందే చేరాలె."